లాగేది ఎక్కడ, నొక్కేది ఏది? స్టంట్ స్కూటర్‌లో ఫోర్కు, హెడ్‌సెట్, కంప్రెషన్ పొందిక

కొత్త ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని గొట్టంలా పైకి వెళ్ళే భాగం, వచ్చింది. పాతది విప్పి, కొత్తదాన్ని కింది నుంచి బండి ముందున్న హెడ్ ట్యూబులోకి దూర్చారు. బేరింగులు చక్కగా కూర్చున్నాయి. తీరా హ్యాండిల్ బార్ ఎక్కిద్దామంటే అది ఫోర్కు గొట్టం మీద లొడలొడలాడుతుంది, కాదంటే అసలు దిగనే దిగదు. రెండూ మంచి సరుకే. రెండింటి పెట్టెల మీదా స్టంట్ స్కూటర్ భాగమనే రాసి ఉంది. అయినా ఒకదానికొకటి పనికిరావు. అడ్డం పడిన తేడా ఎంతో కొలిచి చూస్తే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు.

ఇక్కడ స్కూటర్ అంటే పెట్రోలు పోసేది కాదు, ఛార్జింగు పెట్టేదీ కాదు. ఒక కాలు పలక మీద ఉంచి, రెండో కాలితో నేలను తన్నుకుంటూ పోయే రెండు చక్రాల బండి. అందులోనూ స్కేట్ పార్కుల్లో ఎగిరి దూకడానికి తయారయ్యే మడతపడని గట్టి రకం. అమెరికా, ఆస్ట్రేలియాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లల్లో చాలామందికి ఇది పరిచయమే. హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్నవాళ్ళు మాత్రం విడి భాగాలను ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి. దుకాణానికి బండి తీసుకెళ్ళి, పెట్టి చూసుకుని కొనే వీలు తక్కువ. పొరపాటు పడితే భాగం ఖరీదు కంటే దాన్ని వెనక్కి పంపే తిప్పలే ఎక్కువ.

ఈ పొరపాట్లన్నిటికీ మూలం ఒకటే. చాలామంది ఫోర్కుతో మొదలుపెడతారు. రంగు, బరువు, చక్రం కొలత చూసి ఫోర్కు కొంటారు; తర్వాత దానికి హెడ్‌సెట్, అంటే స్టీరింగు తిరిగే బేరింగుల జత, వెతుకుతారు; బిగించే పద్ధతి సంగతి చివర్లో గుర్తొస్తుంది. నడవాల్సిన దారి దీనికి తలకిందులు. ముందు హ్యాండిల్ బార్ అడుగు మూతి చూడాలి. అక్కడి లోపలి వ్యాసం ఎంత, అక్కడ నిలువు చీలిక ఉందా లేదా అన్న రెండు సంగతులు తేలితే ఏ కంప్రెషన్ పద్ధతి, అంటే హెడ్‌సెట్‌ను నొక్కి బిగించే పద్ధతి, కుదురుతుందో తేలుతుంది. పద్ధతి తేలితే ఏ ఫోర్కు కొనాలో దానంతటదే తేలుతుంది.

మడత బండి నుంచి ఎగిరే బండి దాకా

ఇప్పుడు మనకు తెలిసిన అల్యూమినియం మడత స్కూటర్‌కు రూపం ఇచ్చింది స్విట్జర్లాండ్‌కు చెందిన విమ్ ఔబోటర్. జ్యూరిక్‌లో ఒక సాసేజ్ దుకాణానికి వెళ్ళాలంటే నడవడానికి కాస్త దూరం, కారు తీయడానికి మరీ దగ్గర అనిపించి ఈ ఆలోచన చేశానని ఆయన చెప్పుకున్నారు. 2000 నాటికి అదే నమూనా రేజర్ పేరుతో అమెరికా వీధులను ముంచెత్తింది. ఆ బండి పుట్టిందే చిన్న ప్రయాణానికి. మడిచి చంకలో పెట్టుకోవాలి, ఎత్తు తగ్గించి పెంచాలి. అందుకే దాని ఫోర్కు గొట్టానికి బయటి వైపు మరలు ఉండేవి. వాటి మీద ఒక గిన్నె లాంటి నట్టు, దాని మీద మరో లాక్ నట్టు. రెండు పానాలు పట్టుకుని ఒకదాన్ని ఆపి రెండోదాన్ని తిప్పితే స్టీరింగు బిగుతు కుదిరేది. ఇప్పటికీ మన బొమ్మల దుకాణాల్లో దొరికే పిల్లల మడత స్కూటర్లలో ఎక్కువ భాగం ఈ రకానివే. సైకిలు షాపులో 30, 32, 36 మిల్లీమీటర్ల హెడ్‌సెట్ పానాలు ఉంటే వాటితో సరిచేయవచ్చు.

పిల్లలు ఆ బండితో మెట్ల మీంచి దూకడం మొదలుపెట్టాక మడత కీలు ముందు విరిగింది, మరల మీది నట్టు ఆ వెంటనే వదులైంది. ప్రతి దెబ్బకూ లాక్ నట్టు వెంట్రుకవాసి తిరుగుతుంది. ఒక సాయంత్రంలో స్టీరింగు వదులవడానికి అది చాలు. దీనికి జవాబు సైకిళ్ళలో అప్పటికే ఉంది. జాన్ రేడర్ అనే ఆయన కనిపెట్టిన మరలు లేని హెడ్‌సెట్‌ను డయా-కాంప్ సంస్థ 1990ల ఆరంభంలో ఏహెడ్‌సెట్ పేరుతో మార్కెట్‌లోకి తెచ్చింది. ఫోర్కు గొట్టం నున్నగా ఉంటుంది. గొట్టం లోపల నక్షత్రం ఆకారపు స్టార్ నట్ దిగ్గొట్టి, పై నుంచి బోల్టుతో దాన్ని పైకి లాగుతారు. బిగుతు కుదిరాక, బయట చుట్టుకుని బోల్టులతో బిగుసుకునే క్లాంపు గొట్టాన్ని పట్టేస్తుంది. లాగే పని ఒకరిది, పట్టి ఉంచే పని ఇంకొకరిది. స్టంట్ స్కూటర్లలోని కంప్రెషన్ పద్ధతులన్నీ ఈ పని విభజనకు వేర్వేరు రూపాలే.

హెడ్‌సెట్‌ను ఎందుకు నొక్కాలి

హెడ్‌సెట్ అనగానే చెవులకు పెట్టుకునేది గుర్తొస్తుంది గానీ, ఇక్కడది పలక ముందు భాగంలోని హెడ్ ట్యూబులో కింద ఒకటి, పైన ఒకటి కూర్చునే బేరింగుల జత. మోటారు సైకిలు మెకానిక్కులు కోన్ సెట్టు అని పిలిచే దాని పనే దీనిదీ. ఏటవాలు అంచులున్న రెండు కంకణాల మధ్య గోళీలు పరచినట్టు ఉంటుంది లోపల. ఆ ఏటవాలులోనే కిటుకు ఉంది: పై నుంచి నిలువుగా నొక్కితే గోళీలు పక్కలకు కూడా ఒత్తుకుని, పైకీ కిందకీ కదలడమే కాదు, ముందుకూ వెనక్కూ ఊగడం కూడా ఆగిపోతుంది.

నొక్కుడు తక్కువైతే ప్రతి దూకుడుకూ గోళీలు కంకణాన్ని సుత్తితో కొట్టినట్టు కొడతాయి. క్రమంగా చిన్న గుంటలు పడతాయి. అప్పుడు బార్ తిప్పుతుంటే సరిగ్గా నడిమధ్య ఎక్కడో తగులుకున్నట్టు ఆగుతుంది. నొక్కుడు ఎక్కువైతే గోళీలు నలిగి గరగరమంటాయి.

సైకిలు హెడ్‌సెట్‌తో పోలిస్తే స్టంట్ స్కూటర్ హెడ్‌సెట్ మీద భారం వేరు తరహాది. సైకిలు హ్యాండిల్ మామూలుగా అటు కొంత, ఇటు కొంత తిరుగుతుంది. స్టంట్ స్కూటర్‌లో టెయిల్‌విప్ చేసినప్పుడు పలక మొత్తం ఫోర్కు చుట్టూ పూర్తి చుట్టు తిరగాలి, బార్‌స్పిన్‌లో బార్ పూర్తి చుట్టు తిరగాలి. ఆ వెంటనే నడిపే మనిషి బరువంతా ఒక్క దెబ్బగా దాని మీద పడుతుంది. వదులూ పనికిరాదు, బిగుసుకుపోవడమూ పనికిరాదు. అందుకే ఈ చిన్న బండికి నాలుగు రకాల కంప్రెషన్ పద్ధతులు పుట్టుకొచ్చాయి: హెచ్‌ఐసీ, ఐహెచ్‌సీ, ఐసీఎస్, ఎస్‌సీఎస్.

ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలు

పద్ధతుల పేర్లు బట్టీ పట్టేకన్నా గొట్టాల కొలతలు అర్థం చేసుకుంటే ఎక్కువ మేలు. మామూలు ఫోర్కు గొట్టం బయటి వ్యాసం 28.6 మిల్లీమీటర్లు, అంటే అంగుళం మీద ఎనిమిదో వంతు. స్టాండర్డ్ బార్ లోపలి వ్యాసం అంతే కాబట్టి అది నేరుగా ఫోర్కు మీదికి దిగుతుంది. దాని బయటి వ్యాసం 31.8. ఓవర్‌సైజ్ బార్ లోపలి వ్యాసం సుమారు 31.8, బయటి వ్యాసం 34.9. ప్రతి మెట్టుకూ తేడా అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే గోడ మందం దాదాపు 1.6 మిల్లీమీటర్లు. ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే స్టీలు డబ్బాల సెట్టు ఎలా ఉంటుందో ఈ గొట్టాలూ అలాగే. ఒక డబ్బా తీసేస్తే మధ్యలో ఖాళీ వస్తుంది; ఆ ఖాళీని పూడ్చేదే షిమ్ము.

ఇది పట్టుబడితే హెచ్‌ఐసీ వెంటనే అర్థమవుతుంది. ఓవర్‌సైజ్ బార్‌కూ ఫోర్కుకూ మధ్య ఒక మెట్టు ఖాళీ ఉంది. ఆ మెట్టును ఉక్కు షిమ్ము భర్తీ చేస్తుంది. నిజానికి ఆ షిమ్ము పొట్టిగా కోసిన స్టాండర్డ్ బార్ ముక్క లాంటిదే. దాని అడుగున చిన్న అంచు ఉంటుంది, ఆ అంచు హెడ్‌సెట్ మీద కూర్చుంటుంది. ఫోర్కులోని స్టార్ నట్‌ను పైనుంచి బోల్టు లాగితే, పైన మూత షిమ్మును కిందికి నొక్కుతుంది, షిమ్ము హెడ్‌సెట్‌ను నొక్కుతుంది. ఆ మీద బార్ దిగి, చీలిక చుట్టూ క్లాంపు బిగుసుకుంటుంది.

ఐహెచ్‌సీలో జరిగేదీ ఇదే, ఒక మెట్టు లోపలికి. ఫోర్కు గొట్టాన్నే సన్నం చేసి దాని మీద పలచని షిమ్ము తొడిగితే బయటి కొలత మళ్ళీ 28.6కు వస్తుంది, దాంతో స్టాండర్డ్ లోపలి వ్యాసం ఉన్న బార్ సరిపోతుంది. రెండు పేర్లలోనూ అవే మూడు అక్షరాలు, వరుస మాత్రమే మారింది. ఆర్డరు పెట్టేటప్పుడు ఎక్కువమంది తడబడేది సరిగ్గా ఇక్కడే. ఐహెచ్‌సీ ఫోర్కు ఆ పద్ధతికే పుట్టింది. దాని మీద హెచ్‌ఐసీ షిమ్ము వేస్తే లొడలొడే మిగులుతుంది. మామూలు లావు ఫోర్కు మీద ఐహెచ్‌సీ షిమ్ము అసలు ఎక్కదు.

ఐసీఎస్ దారి వేరు. స్టార్ నట్ ఫోర్కులో ఉండదు, బార్ లోపల తలకిందులుగా దిగుతుంది. పొడవాటి బోల్టు ఫోర్కు అడుగు నుంచి, చక్రం పై భాగం దగ్గర మొదలై, గొట్టం గుండా పైకెళ్ళి బార్‌ను కిందికి లాగుతుంది. బార్ అడుగు అంచే నేరుగా హెడ్‌సెట్ మూతను నొక్కుతుంది. షిమ్ము లేదు, అదనపు మూత లేదు, కాబట్టి ఇది తేలికైన పద్ధతి. కానీ బిగుతు సరిచేయాలంటే చాలా ఫోర్కుల్లో ముందు చక్రం విప్పాలి. పైగా బార్ అడుగు అంచు సరిగ్గా అడ్డంగా తెగి ఉండాలి. రంపంతో ఒక వైపు వాలుగా కోసి ఉంటే హెడ్‌సెట్ ఒక పక్కనే నొక్కుకుంటుంది, ఎంత బిగించినా కుదురుకోదు.

ఇక ఎస్‌సీఎస్. ఇందులో బార్ ఫోర్కు మీదికి దిగనే దిగదు. రెండూ ఒక పెద్ద క్లాంపు లోపల ఎదురెదురుగా ఆగుతాయి: కింది సగం ఫోర్కును పట్టుకుంటుంది, పై సగం బార్‌ను పట్టుకుంటుంది. మధ్యలో ఒక దళసరి బిళ్ళ. బోల్టు ఆ బిళ్ళ గుండా ఫోర్కులోకి దిగి, క్లాంపునే హెడ్‌సెట్ మీదికి నొక్కుతుంది. బార్‌కు చీలిక ఉండకూడదు. కంప్రెషన్‌కూ బార్‌కూ సంబంధమే తెగిపోయింది కాబట్టి బార్ విప్పి మళ్ళీ పెట్టినా హెడ్‌సెట్ బిగుతు చెదరదు. నాలుగింటిలో బరువైనది ఇదే, దెబ్బలు తట్టుకోవడంలో మొండిదీ ఇదే. వీధుల్లో రైలింగుల మీద, మెట్ల మీద నడిపేవాళ్ళకు ఈ బరువు మోయదగిన బరువేనని నా అభిప్రాయం. పార్కు ర్యాంపుల మీద తిప్పుళ్ళు ఎక్కువ చేసే తేలికపాటి పిల్లలకు మాత్రం ఐహెచ్‌సీ గానీ హెచ్‌ఐసీ గానీ చాలు.

చీలిక ఉన్న బార్‌ను ఎస్‌సీఎస్‌కు వాడాలంటే ఆ చీలిక భాగాన్ని కోసేయడం మామూలు పద్ధతి. ఎత్తు తగ్గిపోతుందని భయపడక్కర్లేదు. హెచ్‌ఐసీలో బార్ అడుగు హెడ్‌సెట్ దగ్గర మొదలైతే, ఎస్‌సీఎస్‌లో క్లాంపు నడుం దగ్గర మొదలవుతుంది. కోసి పోగొట్టుకున్న ఎత్తును క్లాంపు సగం ఎత్తు చాలావరకు తిరిగిస్తుంది. ఎదురు దిశలో వెళ్ళడం కష్టం. చీలిక లేని బార్‌ను హెచ్‌ఐసీకి మార్చాలంటే చీలిక తీయాలి. ఉక్కు బార్‌కైతే ఓపికగా చేసుకోవచ్చు గానీ అల్యూమినియానికీ టైటానియానికీ ఆ పని ఇంట్లో చేయకపోవడం మంచిది. పగులు మొదలయ్యేది ఎప్పుడూ ఆ కోత చివరి మూల దగ్గరే.

అల్యూమినియం బార్లలో ఇంకో మెలిక ఉంది. అల్యూమినియం మెత్తన కాబట్టి గోడ మందంగా పెడతారు. బయటి వ్యాసం 34.9 ఉంటుంది, చూసినవాళ్ళు ఓవర్‌సైజ్ అనుకుంటారు. లోపలి వ్యాసం మాత్రం చాలావాటిలో 28.6 చుట్టుపక్కలే. హెచ్‌ఐసీ షిమ్ము అందులో దూరదు. అంటే క్లాంపు కొనేది బయటి వ్యాసం చూసి, కంప్రెషన్ ఎంచుకునేది లోపలి వ్యాసం చూసి. ఒక కొలత చూసి రెండోది ఊహించుకోకూడదు. ఐదారు వందల రూపాయల వెర్నియర్ కాలిపర్ ఒకటి ఇంట్లో ఉంటే ఈ అనుమానాలు నిమిషంలో తీరతాయి.

బేరింగు మీది అంకెలు

హెడ్‌సెట్ ఎంపిక వీటి ముందు తేలిక. ఇప్పటి స్టంట్ పలకలన్నీ దాదాపు ఇంటిగ్రేటెడ్ రకానివే: బేరింగు కూర్చునే గూడు హెడ్ ట్యూబులోనే చెక్కి ఉంటుంది, చేత్తో పెడితే కూర్చుంటుంది. హెడ్ ట్యూబు పైనా కిందా ఉబ్బెత్తుగా కప్పులు బయటికి కనబడితే అది పాత రకం, ఆ కప్పులను ప్రెస్‌తో ఎక్కించాలి.

ఇంటిగ్రేటెడ్‌లో ఎక్కువగా కనిపించేది 41.8 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, లోపలా బయటా 45 డిగ్రీల వాలు. బేరింగు అంచు మీద 45 గుణకారం 45 అని చెక్కి ఉంటుంది. సైకిళ్ళలో 41 మిల్లీమీటర్లది, ఒక వైపు 36 డిగ్రీల వాలున్నది కూడా ఉంది. పక్కపక్కన పెడితే తప్ప తేడా కంటికి ఆనదు. గూట్లో పెడితే కూర్చున్నట్టే కనిపిస్తుంది, కానీ ఒరిసేది సన్నటి గీత మీదే. ఎంత బిగించినా పోని లొడలొడకు ఇది ఒక కారణం. పాత బేరింగు మీది అంకెలు చూపించి అడిగితే పెద్ద సైకిలు దుకాణాల్లో 41.8 రకం దొరికే అవకాశం ఉంది, ఎందుకంటే కొన్ని మౌంటెన్ సైకిళ్ళు కూడా దాన్నే వాడతాయి.

పై బేరింగు మీద కూర్చునే చీలిక ఉన్న సన్నటి కంప్రెషన్ రింగును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చూడ్డానికి పారేయదగ్గ ముక్కలా ఉంటుంది. ఫోర్కు గొట్టాన్ని బేరింగుకు సరిగ్గా నడిమధ్య పట్టి ఉంచేది అదే. ఫోర్కు విప్పినప్పుడు నేల మీద పడిపోయి, మళ్ళీ బిగించేటప్పుడు మరిచిపోతే ఎంత ఖరీదైన హెడ్‌సెట్ అయినా ఊగుతుంది.

ఫోర్కు దగ్గర చూడాల్సినవి

పద్ధతి తేలాక ఫోర్కులో మిగిలేవి గొట్టం పొడవు, చక్రం కొలత. హెడ్ ట్యూబు ఎత్తు పలకను బట్టి మారుతుంది. దానికి బేరింగు మూత, షిమ్ము లేదా క్లాంపు కింది సగం కలిపితే ఫోర్కు గొట్టం ఎంత పొడవు కావాలో వస్తుంది. ఐసీఎస్ ఫోర్కుల గొట్టం సాధారణంగా పొట్టి. పొడవుదాన్ని కోయవచ్చు, పొట్టిదాన్ని సాగదీయలేం. అందుకే ముందు ముందు పద్ధతి మార్చే ఆలోచన ఉన్నవాళ్ళు ఐసీఎస్ ఫోర్కుతో మొదలుపెట్టకపోవడమే నయం.

ఇంకో ముఖ్యమైన లెక్క. హెచ్‌ఐసీ, ఐహెచ్‌సీ, ఎస్‌సీఎస్ మూడింటిలోనూ ఫోర్కు గొట్టం పై అంచు, దాన్ని మూసే మూత లేదా బిళ్ళ కంటే రెండు మూడు మిల్లీమీటర్లు కిందే ఉండాలి. సమానంగా ఉన్నా, పైకి పొడుచుకొచ్చినా, బోల్టు ఎంత తిప్పినా మూత ఫోర్కునే నొక్కుతుంది, హెడ్‌సెట్ దాకా బలం చేరదు. అప్పుడు హెడ్‌సెట్ పాడైందనుకుని కొత్తది కొంటారు. కావాల్సింది ఒక చిన్న స్పేసరో (ఎత్తు పెంచే ఉంగరం), కొంచెం రంపం పనో.

చక్రం విషయానికొస్తే 110 మిల్లీమీటర్ల చక్రానికి చేసిన ఫోర్కులో 100ది తిరుగుతుంది, 100కే చేసిన ఫోర్కులో 110ది ఇరుక్కుంటుంది. చిన్న చక్రం వేస్తే ముందు భాగం 5 మిల్లీమీటర్లు దిగుతుంది. చక్రాల మధ్య దూరం 650 మిల్లీమీటర్లు అనుకుంటే స్టీరింగు కోణం మారేది అర డిగ్రీ లోపే. వెడల్పు మాత్రం జాగ్రత్తగా చూడాలి. 24 మిల్లీమీటర్ల చక్రం, 30 మిల్లీమీటర్ల చక్రం రెండూ మార్కెట్‌లో ఉన్నాయి. వెడల్పు ఫోర్కులో సన్న చక్రాన్ని స్పేసర్లతో సర్దుకోవచ్చు, సన్న ఫోర్కులో వెడల్పు చక్రం మాత్రం కుదరదు. ఇరుసు మామూలుగా 8 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల ఇరుసుకు చేసిన ఫోర్కులూ ఉన్నాయి కాబట్టి చక్రం బేరింగు లోపలి రంధ్రం చూసుకోవాలి.

బిగించే వరుస

భాగాలన్నీ సరిగ్గా కొన్నవాళ్ళు కూడా వరుస తప్పి ఇబ్బంది పడుతుంటారు. క్లాంపు ముందు బిగిస్తే ఫోర్కు అక్కడే బందీ అయిపోతుంది; ఆ తర్వాత కంప్రెషన్ బోల్టు ఎంత తిప్పినా హెడ్‌సెట్‌కు ఏమీ తెలియదు, స్టార్ నట్ మాత్రం జారిపోతుంది. కంప్రెషన్ బోల్టు బండిని పట్టి ఉంచేది కాదు, హెడ్‌సెట్‌లో వదులు తీసేది మాత్రమే. క్లాంపు బోల్టులు వదులుగా ఉంచి, కంప్రెషన్ బోల్టును అలెన్ కీతో కొంచెం కొంచెంగా తిప్పాలి. ఎస్‌సీఎస్‌లో క్లాంపు పై సగం నుంచి బార్ తీసేసి, హెచ్‌ఐసీ, ఐహెచ్‌సీల్లో బార్ ఎక్కించకముందే ఈ పని చేయాలి. ముందు భాగాన్ని పైకెత్తి పలకను కాస్త పక్కకు వాలిస్తే ఫోర్కు తన బరువుకే సాఫీగా పక్కకు తిరగాలి. హెడ్‌సెట్ మీద వేలు ఆనించి ఫోర్కును ముందుకూ వెనక్కూ ఊపితే వేలికి కదలిక తగలకూడదు. ఈ రెండూ ఒకేసారి నిజమైన చోట ఆపి, బార్‌ను చక్రానికి సూటిగా పెట్టి, క్లాంపు బోల్టులను ఒకదాని తర్వాత ఒకటిగా సమంగా బిగించాలి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళితే క్లాంపు వంకరపడుతుంది. చీలిక ఉన్న బార్‌లో ఆ చీలిక, క్లాంపు నోరు ఒకే వైపు పడకుండా చూసుకోవాలి.

కొత్త హెడ్‌సెట్ మొదటి రోజు నడిపాక కొంచెం వదులవుతుంది. బేరింగులు గూట్లో పూర్తిగా కూర్చుంటాయి, కంప్రెషన్ రింగు గొట్టాన్ని పట్టుకుంటుంది. అది లోపం కాదు. ఆ సాయంత్రం క్లాంపు వదులు చేసి కంప్రెషన్ బోల్టు పావు చుట్టు తిప్పి, మళ్ళీ వేలు పెట్టి చూసి, క్లాంపు బిగిస్తే సరి. రెండో రోజుకు కూడా అదే వదులు కనిపిస్తే మాత్రం బోల్టు జోలికి పోకుండా అన్నీ విప్పి, ఫోర్కు పై అంచు ఎక్కడుందో చూడాలి.